దుబాసీ కూలి

రాజురా కోర్టులో నా పని చిన్నది.
తెలుగు చెవిన పడితే మరాఠీ నోట రావాలి.
మధ్యలో నేనేమీ అనుకోకూడదు.
వాయిదాకి నూట యాభై,
అదీ మూడు నెలలకోసారి, నాజరుకి తీరికుంటే.

ఇవాళ బోనులో నర్సుబాయి.
ఆసిఫాబాద్ రోడ్డు సిమెంటు దుమ్ము
ఆమె చెప్పుల్లోంచి మెట్ల మీద రాలింది.
పక్కన కొడుకు ఓదెలు,
ఐటీఐ చొక్కాకి రెండు గుండీలు లేవు.

మొదట టేపు సంగతి.
బడి గోడ నుంచి ఆమె గడప దాకా
నూట ఎనభై ఆరు మీటర్లని పంచనామా.
రెండు వందలు దాటితే మాట వేరట.
"ఆ పద్నాలుగు మీటర్లు యాడికెళ్లి తేవాలె సారూ?
నేనొచ్చిన నాడు ఆడ జొన్నచేనుండె.
బడే నా మీదికొచ్చింది,
నేను బడి మీదికి పోలే."
మరాఠీలోకి చేను వచ్చింది, జొన్న వచ్చింది.
'నా మీదికొచ్చింది' అన్నది మాత్రం
నా నోట్లో నలిగి
'తర్వాత కట్టారు' అయింది.

తర్వాత సుక్కుబాయి సంగతి.
ఆ పని చేయడం నేరమని
ఈ పుస్తకంలో ఎక్కడా లేదని
వకీలు వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు.
ఒక్కతే ఉంటే అది గది.
ఇద్దరుంటే అది అడ్డా.
"ఒక్కదాన్నే ఉన్న యేడు
జాకీ రాడ్డుతోని కొట్టిండొకడు, లారీవోడు.
అప్పటి సంది సుక్కుబాయిని రమ్మన్న.
రాత్రి గొళ్లెం పెట్టెటందుకు ఇంకో చెయ్యి."
కొంగు తీసి కుడి చెవి చూపించింది.
సగం లేదు.
చెవిని అనువదించే కూలి నాకివ్వరు.

ఆఖరికి ఓదెలు.
పద్దెనిమిది నిండి పదకొండు రోజులు.
నిండే ముందు రాత్రి దాకా
తల్లి పెట్టిన అన్నం అన్నమే.
తెల్లారి అదే గిన్నె, అదే పచ్చిపులుసు,
తింటే రెండేళ్ల దాకా జైలు,
కాదంటే వెయ్యి జరిమానా, లేదా రెండూ.
ఆ పూట కేకు కోశారట.
మామూలుకొచ్చిన జమాదారు
ఒక ముక్క తిని, ఇంకోటి
కాగితంలో చుట్టించుకుపోయాడట.
ఇది ఎవరూ రాయమనలేదు, రాసుకోలేదు.

జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
"నీ సంపాదన మీద
ఎవరెవరు బతుకుతున్నారో అడుగు."
అడిగాను.

నర్సుబాయి జాకెట్లోంచి చిన్న బుక్కు తీసింది.
సగం అంకెలు, సగం గీతలు.
"కిరాయి నాలుగు వేల గదికి తొమ్మిది వేలు.
కాగితం మీద అది సిమెంటు గోదాము.
ఠాణాకు వారానికి ఎనిమిది వందలు,
దాడి అయితే ఆ లెక్క వేరే.
వకీలు సాబుకు పేషీకి వెయ్యి, జిరాక్సులు నావే.
సాత్‌బారా కాగితం సంకల పెట్టుకొని
టీ కొట్టుకాడ కూసునే జామీనుదారుకు మూడు వేలు.
ఆటోకు అందరికీ ఇరవై, నాకు యాభై.
సర్కారు దవాఖానల చీటీకి పది,
చీటీ రాసెటాయనకు వంద.
ఓదెలుకు రెండు పూటల బువ్వ,
బస్సు పాసు."
ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది.
"గీ సారు కూలి యాడికెళ్లి ఇస్తరో నాకెర్క లేదు.
నేను కట్టిన జరిమానాలకెళ్లేనేమో.
పద్దెనిమిది దాటనోడు ఒక్కడన్న ఉన్నడా గిండ్ల?"

ఇంటి యజమాని దగ్గర మొదలుపెట్టాను.
ఠాణా అన్నప్పుడు గొంతు తగ్గింది.
వకీలు అన్నప్పుడు వకీలు దగ్గాడు.
జామీను, ఆటో, దవాఖానా,
ఓదెలు బువ్వ, బస్సు పాసు.
అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాను.

"అంతేనా?" అన్నారు జడ్జిగారు.
ఫ్యాను తిరుగుతోంది.
గుమాస్తా కలం గాల్లో ఉంది.
అంతే సాహెబ్, అన్నాను.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో
కూరగాయలు, గ్యాసు, కొడుకు బడి ఫీజు
బేరమాడుతూ బతికిన మనిషి,
"ఇంకోటుంది సాహెబ్, ఆయన మర్చిపోయాడు"
అంది నర్సుబాయి,
నాకంటే మంచి మరాఠీలో.